మామూలు మనిషికి వేసే భయం

3, సోమవారం

జరిగిందంతా రాసి పెట్టుకోమంది లాయరమ్మ. రోజులు గడిస్తే మనిషి మరిచిపోతాడట. ఆవిడకిచ్చే కాగితం వేరే ఉంది, పొద్దున్నే శుభ్రంగా రాసి ఇచ్చేశాను. ఇది నాకోసం. పాత ఆర్డర్ల పుస్తకంలో వెనక మిగిలిన తెల్ల కాగితాలు ఎందుకు పాడవ్వాలని రాస్తున్నాను. ఇక్కడ ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

జరిగింది ఇంతే. మొన్న గురువారం మధ్యాహ్నం దుకాణంలో నేనూ, మా బామ్మర్దీ ఉన్నాం. మా ఆవిడ దారపు ఉండలు తేవడానికి బజారుకు వెళ్ళింది. పొద్దున్నుంచీ నాకూ వాడికీ మాటా మాటా పెరుగుతూనే ఉంది. వాడు తోలు కోసే కత్తి చేత్తో పట్టుకుని లేచి నా మీదికి వచ్చాడు. నాకు ప్రాణభయం వేసింది. పక్కనున్న పాదం ఆకారపు చెక్క అచ్చు తీసి ఒక్కటి వేశాను. పడిపోయాడు.

అంతే. ఎవరైనా అదే చేస్తారు.

పోలీసాయన రాసుకుంటూ, “చెక్క కాలా? ఎవరి కాలు?” అన్నాడు. బూటు కుట్టేటప్పుడు తోలు బిగించే అచ్చు సార్, మగవాళ్ళ తొమ్మిదో నంబరు అన్నాను. “మగవాళ్ళ తొమ్మిదో నంబరు” అని అది కూడా రాసుకున్నాడు. అలాంటివాళ్ళ చేతిలో ఉంది నా బతుకు.

బెయిలు మీద బయట ఉన్నాను. ఆసుపత్రి ఛాయలకు పోకూడదని షరతు. వాడికి ఇంకా తెలివి రాలేదు.

4, మంగళవారం

మా ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కుట్టు మిషను ముందు కూర్చుంది. ఎలా ఉన్నాడని అడిగితే “అలాగే” అంది. వాడు ఆవిడకు తమ్ముడు, నేను మొగుణ్ణి. ఎవరి వైపు మాట్లాడుతుందో ఆవిడకే తెలియాలి.

ఆవిడ లేనప్పుడు వాడి సంచి విప్పి చూశాను. తప్పేం లేదు, నా దుకాణంలో ఉన్న సంచి. ఒక తువ్వాలు, దువ్వెన, ఒక కాగితం. ఆ కాగితం బూట్ల ఫ్యాక్టరీ వాళ్ళది. వచ్చే ఒకటో తారీఖు నుంచి పనిలో చేరమని. అదీ సంగతి! నా అనుమానం ఉత్తిదే కాదు. పది రోజులుగా నా అట్ట నమూనాల కట్ట కనబడటం లేదు. ముప్పై ఏళ్ళుగా నేను కోసి పెట్టుకున్న నమూనాలు, ఒక్కొక్క పాదానికి ఒక్కొక్కటి. ఆ కట్ట ఎవరికి చేరిందో ఇప్పుడు తెలిసింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. పద్దెనిమిదేళ్ళు నా పక్కన కూర్చోబెట్టుకుని సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి నేర్పాను.

గురువారం పొద్దున వాణ్ణి దొంగ అన్నాను. అన్నది తప్పు కాదని ఈ కాగితం చెబుతోంది.

ఎదురు దుకాణం గడియారాలాయన నన్ను చూసి తల దించుకున్నాడు. మాకూ ఆయనకూ మధ్య సందు వెడల్పు ఎంత, ఆరడుగులు. రోజంతా మా తలుపు వైపే తిరిగి కూర్చుంటాడు. చూశాడు. అంతా చూశాడు.

6, గురువారం

లాయరమ్మ దుకాణానికి వచ్చింది. చిన్న మనిషి, పెద్ద సంచీ. నన్ను నా పీట మీద కూర్చోబెట్టి, తను వాడి పీట మీద కూర్చుని, లేచి నాలుగడుగులు నడిచి వచ్చి నా ముందు నిలబడింది.

“ఇలాగేనా వచ్చింది?”

“ఇంతకంటే వేగంగా.”

“అరిచాడా?”

“లేదు. ఏదో గొణిగాడు.”

గొణిగాడనే మాట నేను ఆవిడకు రాసిచ్చిన కాగితంలో లేదు. ఆవిడ రాసుకుంది.

తర్వాత చట్టం చెప్పింది. ఇలాంటి కేసులో వాడు నిజంగా నన్ను చంపడానికి వచ్చాడా లేదా అన్నది మనం నిరూపించనక్కర్లేదట. నేను అలా నిజంగా నమ్మానా, నా స్థానంలో ఒక మామూలు మనిషి ఉంటే అతనూ అలాగే నమ్మేవాడా, ఇదే చూస్తారట. తాడును చూసి పామనుకుని కొట్టినా, చీకట్లో ఎవరికైనా పాములాగే ఉంటుంది కదా అని న్యాయమూర్తికి అనిపిస్తే చాలునట.

“మీరు పొరబడ్డా చట్టం క్షమిస్తుంది. భయం నిజమైతే చాలు” అంది.

నాకు ఆ మాట చాలా బాగుంది. మామూలు మనిషి. నేను మామూలు మనిషినే. జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగను. మిగతావాళ్ళకు కోపం రాదా, నాకొక్కడికే వస్తుందా?

పోతూ పోతూ గుమ్మంలో ఆగి, “దెబ్బ ఒకటేనా?” అంది.

“ఒకటే.”

“ఒకటే అయితే మంచిది. మొదటి దెబ్బకు మనిషి పడిపోయాక వేసే దెబ్బను ఎవరూ ఆత్మరక్షణ అనరు. కక్ష అంటారు.”

ఆవిడ కూడా నన్ను అనుమానిస్తోందా? ఫీజు తీసుకుని అనుమానించే మనిషిని మొదటిసారి చూస్తున్నాను.

7, శుక్రవారం

మా ఆవిడ ఈ పుస్తకం చదువుతోందని నా అనుమానం. నిన్న కాగితాల మధ్య ఒక గోధుమరంగు దారప్పోగు పెట్టి మూశాను. ఇవాళ తెరిస్తే లేదు.

“నా పుస్తకం ముట్టుకున్నావా?”

“మీ పుస్తకం నాకెందుకండీ?”

“దీంట్లో ఒక దారం ఉండాలి.”

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. “మీ చొక్కా చేతికి అంటుకుని ఉంది చూడండి” అంది.

ఉంది. అయినా సరే. అనుమానం పెనుభూతం అంటారు గానీ, కళ్ళు మూసుకుని బతికినవాణ్ణి ఎవరు బాగుపరిచారు?

సాయంత్రం కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండానే అంది. “డాక్టరు అడిగాడు, తలకు దెబ్బ తగిలిన మనిషికి అరచేతిలో ఆ గాటేమిటని.”

“పడేటప్పుడు కత్తి గీరుకుని ఉంటుంది.”

“గీత కాదండీ. నాలుగు వేళ్ళకూ అడ్డంగా తెగింది. ఐదు కుట్లు వేశారు.”

బజారు నుంచి వచ్చి తలకు కట్టు కట్టింది ఆవిడే కదా ఆ రోజు, చేతికీ ఆవిడే కట్టి ఉంటుంది. నేను అప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నానో నాకు గుర్తు లేదు.

9, ఆదివారం

కళ్ళు తెరిచాడట. అక్కను గుర్తుపట్టాడట.

10, సోమవారం

నాకు సంతోషంగానే ఉంది. లేకపోతే హత్య కేసు అయ్యేది. లేదు, అందుకు కాదు, ఊరికే సంతోషంగా ఉంది. పెళ్ళినాటికి నిక్కరు వేసుకుని మా కాళ్ళకడ్డంగా తిరిగిన కుర్రాడు.

ఏం చెబుతాడో తెలియదు. మాట తడబడుతోందట గానీ తెలివిగానే ఉన్నాడట. పోలీసులు రేపో ఎల్లుండో వాంగ్మూలం తీసుకుంటారట. మా ఆవిడ రోజుకు రెండు పూటలూ అక్కడే ఉంటోంది. అక్కా తమ్ముళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో. ఇంటికి వచ్చాక నాతో మాత్రం ఉప్పూ పప్పూ తప్ప మాట్లాడదు.

లాయరమ్మ ఫోన్ చేసింది. డాక్టరు రిపోర్టులో రెండు గాయాలున్నాయట, ఒకటి చెవి పైన, ఒకటి మెడ వెనక. రెండోది పడేటప్పుడు బల్ల అంచు తగిలి ఉంటుందని చెప్పాను. ఆవిడ, “బల్ల మీకు ఎడమ వైపు కదా ఉంది?” అంది.

ఎడమ వైపే ఉంది. వాడు పడింది కుడి వైపుకు.

12, బుధవారం

గడియారాలాయన్ను ఇక భరించలేక నేనే వెళ్ళాను. “ఏం చూశావో మొహం మీద చెప్పు, చాటున తల దించుకోవడం ఎందుకు?” అన్నాను. ఆయన కంటికున్న భూతద్దం తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

“ఇది పెట్టుకుంటే నాకు ముక్కు కొన దాటి లోకం కనబడదయ్యా. మీరు కొట్టుకుంటున్నారో, పెళ్ళి చేసుకుంటున్నారో నాకెలా తెలుస్తుంది? సాక్షికి పిలుస్తారేమోనని తల దించుకున్నా. ఒకసారి కోర్టుకెళ్తే ఆర్నెల్లు దుకాణం మూసుకోవాలని మా నాన్న చెప్పేవాడు.”

నవ్వొచ్చింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి. తేలిగ్గా ఉందని దుకాణం సర్దడం మొదలుపెట్టాను. పని మానేసి ఇన్నాళ్ళయింది, ఎక్కడి ముక్కలు అక్కడే ఉన్నాయి. కోత బల్ల జరిపి ఊడుద్దామని ఎత్తితే, దాని కాలి కింద నుంచి నమూనాల కట్ట జారి పడింది.

బల్ల ఊగుతోందని కిందటి నెల కాలి కింద ఏదో అట్టల కట్ట పెట్టాను. పాత అట్టలనుకున్నాను. నేనే పెట్టాను. వాడు ఆ రోజు సెలవు.

కట్టను దులిపి అరలో పెట్టాను. మా ఆవిడకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పి ఏం ప్రయోజనం? కట్ట దొరికినంత మాత్రాన ఫ్యాక్టరీ కాగితం అబద్ధం అయిపోదుగా. పోతున్నానని ఒక్క మాట ముందు చెప్పాడా? చెప్పలేదు. ఏదో ఒక దొంగతనం ఉంది అందులో కూడా.

వాడు కత్తితో వచ్చిన మాట నిజం. అది మాత్రం ఎవరూ కాదనలేరు.

14, శుక్రవారం

ఇది రాయకుండా ఉంటే బాగుండు. కానీ రాయకపోతే లోపల తిరుగుతూనే ఉంటుంది.

పొద్దున నేను పీట మీద ఊరికే కూర్చుని ఉన్నాను. మా ఆవిడ ఆసుపత్రికి బయల్దేరింది కాస్తా వెనక్కి వచ్చి, అరలోంచి ఇంకో తోలు కత్తి తీసింది. కేసులో ఉన్నది పోలీసుల దగ్గర ఉంది, ఇది దాని జోడు. వాడి పీట దగ్గర నిలబడి, కత్తి పట్టుకుని నా వైపు నాలుగడుగులు నడిచి వచ్చింది. పదునైన అలుగు తన గుప్పిట్లో ఉంది. పిడి నా వైపు ఉంది.

“భయం వేసిందా?” అంది.

నేను చెయ్యి చాపి పిడి పట్టుకున్నాను. అలవాటు. మా పనిలో కత్తి ఎవరికిచ్చినా అలాగే ఇస్తాం, తీసుకునేవాడి చేతికి పిడి. అలుగు ముందుకు పెట్టి ఇస్తే పక్కవాళ్ళు చెయ్యి మీద ఒకటి వేస్తారు. పని మానేసే రోజున కూడా, మొదటి రోజు గురువు ఇచ్చిన కత్తిని అలాగే ఆయన చేతిలో పెట్టి వస్తాం.

“వాడి వేళ్ళు అడ్డంగా ఎందుకు తెగాయో డాక్టరుకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. అలుగు పట్టుకున్నవాడికి దెబ్బ తగిలితే గుప్పిట బిగుసుకుంటుంది” అంది.

“వాడు ఎటు పట్టుకున్నాడో నేను చూళ్ళేదు. క్షణంలో జరిగిపోయింది. లాయరమ్మే చెప్పింది, మామూలు మనిషి ఎవడైనా ఆ క్షణంలో...”

“మామూలు మనిషికి తెలియదండీ. ఆ గడియారాలాయన అయితే చేతిలో కత్తి చూసి కెవ్వుమనేవాడు, ఆయన కొట్టినా నేను క్షమించేదాన్ని. మీరు మామూలు మనిషేంటి? ముప్పై ఏళ్ళుగా రోజుకు వందసార్లు కత్తి ఇచ్చి పుచ్చుకున్న మనిషి. పిడి ముందుకొస్తే మీ చెయ్యి తనంతట తనే చాపుకుంటుంది, ఇప్పుడు చాపుకోలా?”

కత్తి నా చేతిలోనే ఉంది. ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఈ మాటలు ఆవిడ కోర్టులో చెబుతుందా?

15, శనివారం

చెప్పలేదు. వాడు చెప్పాడు. నిన్న సాయంత్రం వాంగ్మూలం ఇచ్చాడట.

“కోపంలో కత్తి తీసుకుని నేనే బావ మీదికి వెళ్ళాను. బావ తప్పు లేదు.”

17, సోమవారం

లాయరమ్మ గొంతులో ఇంత హుషారు ఎప్పుడూ వినలేదు. బాధితుడే దాడి చేశానని ఒప్పుకున్నాక ఇక కేసులో ఏం మిగిలిందంది. రెండో గాయం సంగతి కూడా ఆ గందరగోళంలో తేలిపోతుందంది.

“మరి వాడికి?” అన్నాను.

“అతని మీద కేసు పెడతారు. కత్తితో దాడి కదా. మరీ పెద్ద శిక్ష ఉండకపోవచ్చు. కేసున్న మనిషిని ఫ్యాక్టరీలు తీసుకోవడం మాత్రం కష్టం.”

ఎందుకు చెప్పాడు? రెండు రోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. ఊరికే ఎవరూ మంచివాళ్ళు కారు. నన్ను జీవితాంతం తన ముందు తల వంచుకునేలా చేయాలని చూస్తున్నాడా? అక్క చెప్పి పంపిందా? రేపు కోర్టులో మాట మార్చి నన్ను ముంచడానికా? ఫ్యాక్టరీ ఎత్తు ఏమైనా ఉందా ఇందులో? ఫ్యాక్టరీ ఎత్తు అని రాశాక నాకే సిగ్గేసింది. పని పోతున్నవాడికి ఫ్యాక్టరీతో ఎత్తేమిటి?

నేను నోరు మెదపకుండా ఉంటే చాలు. అంతా సర్దుకుంటుంది. నేనేమీ అబద్ధం ఆడనక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

19, బుధవారం

మధ్యాహ్నం దుకాణం గుమ్మంలో నీడ పడింది. తల ఎత్తితే వాడు. తల గొరిగించి ఉంది, మీద బట్ట టోపీ. చేతికి కట్టు. మా ఆవిడ మోచెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

“నువ్వు నా దగ్గరికి రాకూడదన్నారు గానీ, నేను నీ దగ్గరికి రాకూడదని ఎవరూ అన్లేదు కదా బావా” అన్నాడు. మాట నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా వస్తోంది. వెళ్ళి తన పీట మీదే కూర్చున్నాడు.

నేను వాడి చేతుల వంక, జేబుల వంక చూశాను. ఏం తీసుకుపోవడానికి వచ్చాడా అని. ఇంత జరిగాక కూడా నా కళ్ళు అటే పోయాయి. రాయకపోతే ఎవరికీ తెలియదు గానీ రాస్తున్నాను.

“ఎందుకురా అలా చెప్పావు?” అన్నాను.

“అక్క అడగమందా?”

“అక్క కాదు. నేనే అడుగుతున్నా.”

కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “మంచం మీద పడుకుంటే వేరే పనేముంది బావా, అదే ఆలోచించా. పొద్దుట్నుంచీ తిట్టుకుంటా ఉన్నాం. నువ్వు దొంగన్నావు, నేనూ ఏదో అన్నా. అసలే కోపం మీదున్న మనిషి ముందుకి కత్తి పట్టుకుని లేచొస్తే ఎవరైనా బెదిరిపోరా? ఇవ్వటానికే వస్తున్నానని నీకెట్లా తెలుస్తుంది? బల్ల మీద పెట్టేసి పోవాల్సింది. నువ్వే నేర్పినావు కదా, చేతికే ఇవ్వాలని, అందుకని వచ్చా. తప్పు నాదేలే. నా మూలాన నువ్వు జైలుకి పోతే అక్క మొహం ఎట్లా చూడను?”

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి సందులోకి చూస్తోంది.

వాడు ముందుకు వంగాడు. “నిజంగా భయపడిపోయావు కదా బావా? నాకు అదొక్కటి చెప్పు చాలు. నువ్వు భయపడి కొట్టావని తెలిస్తే నాకేం బాధ లేదు.”

ఔను అంటే అయిపోయేది. ఇన్ని రోజులూ ఇన్ని కాగితాల్లో రాసిన మాటే. నోటి చివర ఉంది.

కానీ నాకు ఆ మధ్యాహ్నం అంతా కళ్ళకు కట్టింది. వాడు తువ్వాలుతో కత్తి తుడిచాడు. అలుగు గుప్పిట పట్టాడు. నాలుగడుగులు మామూలుగా నడిచి వచ్చాడు. గొణగలేదు, స్పష్టంగానే అన్నాడు, “నీ కత్తి నీకిచ్చేస్తున్నా బావా” అని. నేను పిడి చూశాను. చూసి, వీడు పోతున్నాడు, నేను కాళ్ళు పట్టుకుని ఆపినా ఆగడు, ఇక ఈ పీట ఖాళీ అని అర్థమైంది. చెయ్యి చాపి పిడి పుచ్చుకోవాలి. చాపితే వాడు పోయినట్టే. చెయ్యి అచ్చు మీదికి పోయింది. మొదటి దెబ్బకు మోకాళ్ళ మీద కూలాడు. “బావా” అన్నాడు. రెండోది అప్పుడు వేశాను.

“లేదురా. భయం వెయ్యలేదు” అన్నాను. “కట్ట కూడా నువ్వు తియ్యలేదు. నేనే బల్ల కాలి కింద పెట్టి మరిచిపోయా. నువ్వు పోతున్నావని ఒళ్ళు మండింది. అంతే.”

వాడు చాలాసేపు తన కట్టు వంక చూసుకున్నాడు. ఏడుస్తాడేమో, తిడతాడేమో అని చూశాను. తిడితే బాగుండుననిపించింది. లేచి, గోడ పట్టుకుని, “అక్కా, పోదాం పద” అన్నాడు. మా ఆవిడ వాడి మోచెయ్యి పట్టుకుంది. గుమ్మం దాటేముందు ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపుకు అర్థం వెతకబోయి మానుకున్నాను.

వాళ్ళు సందు మలుపు తిరిగాక లాయరమ్మకు ఫోన్ చేశాను. రేపు పొద్దున వచ్చి నా వాంగ్మూలం మార్చుకుంటానని చెప్పాను. పిడి సంగతి, వాడన్న మాట, రెండో దెబ్బ, అన్నీ చెప్పాను. ఆవిడ మధ్యలో రెండుసార్లు, “ఆగండి, ఇది ఫోన్లో వద్దు” అంది. నేను ఆగలేదు.

అంతా విని గొంతు తగ్గించి అడిగింది. “నిజం చెప్పండి. వాళ్ళవాళ్ళు ఎవరైనా వచ్చి మిమ్మల్ని బెదిరించారా?”

“లేదమ్మా” అన్నాను. “ఆ రోజు కూడా ఎవరూ బెదిరించలేదు.”